సగంలో ఉన్న అల్లికతో సముద్ర తీరానికి: ఏది తీసుకెళ్లాలి, ఎలా కాపాడుకోవాలి

సెలవులు దగ్గర పడేసరికి నిట్టింగ్ చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "సూదుల మీద మూడు నాలుగు పనులు సగంలో ఉన్నాయి. ఇంటిల్లిపాదీ బీచ్‌కి వెళ్తున్నాం. వీటిలో ఏది తీసుకెళ్లను?" దాని వెనకే ఇంకోటి వస్తుంది: "ఇసుకలో, ఉప్పు గాలిలో పాడవదు కదా?"

ఈ రెండింటినీ బయల్దేరకముందే ఇంట్లో తేల్చుకోవాలి. తీరంలో కూర్చుని ప్యాటర్న్ అర్థం చేసుకోవడం, కుట్లు తగ్గించే లెక్కలు వేయడం జరగని పని. పిలుపు మీద పిలుపు వస్తుంది, గాలి కాగితాలు ఎగరేస్తుంది, ఎండకు అక్షరాలు సరిగా కనపడవు. అందుకే బుర్రతో చేసే పనంతా ఇంట్లోనే ముగించుకుని, అక్కడ చేతులకు మాత్రమే పని మిగిలేలా చూసుకోవాలి.

## 1. వారం ముందు: సగంలో ఉన్నవన్నీ బయటికి తీయండి

బీరువాలో, సంచుల్లో, మంచం కింద ఉన్నవన్నీ ఒకచోట పరవండి. ఒక్కోదానికి ఒక చిన్న చీటీ రాయండి.

చీటీలో ఉండాల్సినవి:

- ప్యాటర్న్ పేరు, మీరు ఎంచుకున్న సైజు
- సూది సైజు, మిల్లీమీటర్లలో
- ఎన్నో వరుస దగ్గర ఆగారు, తర్వాత చేయాల్సింది ఏమిటి
- మిగిలిన దారం ఎన్ని గ్రాములు
- ఎందుకు ఆగిపోయింది

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కడో తప్పు జరిగి, దాన్ని విప్పే ఓపిక లేక పక్కన పెట్టి ఉంటే అది ఇంట్లోనే ఉండాలి. బీచ్‌లో ఆ తప్పు సరికాకపోగా ఇంకా పెద్దదవుతుంది. విసుగొచ్చి ఆగిపోయిన పని సంగతి వేరు. మార్పేమీ లేకుండా బారుగా సాగే చేతులు, సాక్స్ కాళ్లు, మఫ్లర్ మధ్య భాగం లాంటివి ఇంట్లో బోరు కొట్టిస్తాయి. తీరంలో మాత్రం అవే హాయిగా సాగిపోతాయి.

ఇంట్లో ఉండిపోయే వాటి నుంచి సూది కావాల్సి వస్తే కుట్లను వేరే దారం మీదికి మార్చండి. నున్నటి కాటన్ దారం, వేరే రంగుది తీసుకోండి. మొన మొద్దుగా ఉన్న కుట్టు సూదికి ఎక్కించి, కుట్లన్నింటిలోంచి మెలిక పడకుండా ఒక్కొక్కటిగా దూర్చండి. రెండు కొసలూ పొడుగ్గా వదిలి కలిపి ముడి వేయండి. సూది సైజు చీటీ మీద రాయడం మరిచిపోవద్దు. నెల తర్వాత అది 3.5 మి.మీ.నా, 3.75 మి.మీ.నా అన్నది గుడ్డను చూసి ఎవరూ చెప్పలేరు.

## 2. ఏది వెళ్తుంది, ఏది ఉంటుంది

మిగిలిన వాటికి ఒక పరీక్ష పెట్టండి. ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుతూ, ప్యాటర్న్ చూడకుండా ఇరవై నిమిషాలు అల్లండి. తప్పు రాలేదంటే అది తీరానికి పనికొస్తుంది. మాట మధ్యలో ఆగి లెక్కపెట్టుకోవాల్సి వచ్చిందంటే పనికిరాదు.

తీసుకెళ్లదగ్గవి: సాక్స్ కాలి భాగం, టోపీలో సాదాగా ఉండే భాగం, అన్ని వరుసలూ నిట్‌తోనే, అంటే ఒకే మామూలు కుట్టుతో సాగే శాలువా, వంటింట్లో వాడుకునే చిన్న కాటన్ గుడ్డలు, విడిగా అల్లే స్వెటర్ చేయి.

ఇంట్లో ఉంచాల్సినవి:

- లేస్, జడ అల్లిక, రెండు మూడు రంగులతో నడిచేవి. చార్టు లేకుండా ఇవి కదలవు.
- మొహైర్ లాంటి నూగు దారాలు. నూగులో చిక్కిన ఇసుక ఊడిరాదు, తప్పు వస్తే విప్పడమూ కష్టమే.
- పెద్ద దుప్పట్లు, దాదాపు పూర్తయిన స్వెటర్లు. ఒళ్లో బరువు, వేడి. పైగా నేలకు తగలకుండా పట్టుకోలేం.
- నల్లటి, ముదురు నీలం దారాలు. సాయంత్రం వెలుతురు తగ్గగానే కుట్లు కనపడవు.
- తేదీ లోపు ఇవ్వాల్సిన బహుమతి. సెలవుల్లో ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఎన్ని? రెండు చాలు. ఒకటి తీరంలో చూడకుండా అల్లుకునేది. రెండోది కాస్త ధ్యాస అడిగేది, పిల్లలు పడుకున్నాక గదిలో దీపం కింద చేసుకోవడానికి. మూడోది తీసుకెళ్తే అది సంచిలో చోటు తినడం తప్ప ఏమీ చేయదు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను.

ఇక దారం సంగతి. కాటన్ తడిసినా బలం తగ్గదు, ఉతకడం తేలిక, ఉన్నిలా ముద్దకట్టదు. కానీ సాగే గుణం తక్కువ కాబట్టి చాలాసేపు అల్లితే వేళ్లు నొప్పెడతాయి. ఉన్ని చేతికి మెత్తగా సాగుతుంది. అయితే చెమట పట్టిన వేళ్లకు అంటుకుంటుంది. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే మామూలు ఉన్ని ముద్దకడుతుంది కూడా. నా ఓటు మాత్రం సాక్స్ దారానికే. సూపర్‌వాష్ ఉన్నిలో, అంటే ఉతికినా ముద్దకట్టకుండా శుద్ధి చేసిన ఉన్నిలో, కొంత నైలాన్ కలిపి చేస్తారు కాబట్టి సన్నగా, గట్టిగా ఉంటుంది, ఉతుక్కీ తట్టుకుంటుంది. సాధారణంగా 100 గ్రాముల ఉండలో 400 మీటర్ల దారం ఉంటుంది. పెద్దవాళ్ల సాక్స్ జతకు మామూలుగా అది సరిపోతుంది. ఒక్క ఉండతో సెలవులన్నీ గడిచిపోతాయి.

## 3. సూదులు మార్చాలా?

తీరానికి సర్కులర్ సూదిని మించింది లేదు. వెనక్కీ ముందుకీ బల్లపరుపుగా అల్లే పనికైనా అదే తీసుకోండి. రెండు మొనలూ ఒకే తీగకు ఉంటాయి కాబట్టి ఏదీ జారి పోదు. గుడ్డ బరువు మణికట్టు మీద కాకుండా ఒళ్లో ఉంటుంది. పక్కనున్న వాళ్లకు మోచేయి తగలదు.

రెండువైపులా మొనలున్న పొట్టి సూదులు ఇంట్లో ఉంచండి. ఇసుకలో పడిన ఒక సన్నటి సూదిని వెతకడం అంటే ఆ పూట అల్లిక ముగిసినట్టే. సాక్ ఆ సూదుల మీద ఉంటే 80 సెం.మీ. లేదా అంతకన్నా పొడవైన సర్కులర్ సూది మీదికి మార్చి, మ్యాజిక్ లూప్ పద్ధతిలో, అంటే మిగులు తీగను ఉచ్చులా పక్కకు లాగి చిన్న చుట్టు అల్లే పద్ధతిలో, నాలుగైదు చుట్లు ఇంట్లోనే అల్లి చూడండి. సూది మారితే, ఒక్కోసారి లోహం నుంచి వెదురుకు మారినా, చేతి బిగువు మారుతుంది. ఆ తేడా ఇంట్లో తెలిస్తే సైజు సవరించుకోవచ్చు.

లోహపు సూదులు ఎండలో వదిలేస్తే చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతాయి. పూత నాసిరకంది అయితే ఉప్పు గాలికి మచ్చలు పడతాయి. వెదురు, కర్ర సూదులకు ఆ బాధలు లేవు. చెమట చేతుల్లో కాస్త నెమ్మదిస్తాయి గానీ, కుట్లు జారకుండా పట్టుకుంటాయి. తీరంలో వేగం కన్నా అదే మేలు.

## 4. దారం, సమయం: చిన్న లెక్క

ఎక్కువ మంది అవసరానికి మూడింతలు దారం మోసుకెళ్తారు. వంటింటి తూకం ఉంటే ఆ బరువు తప్పుతుంది.

1. ఉండను తూచండి. 62 గ్రాములు ఉందనుకుందాం.
2. పది వరుసలు అల్లి మళ్లీ తూచండి. 57 గ్రాములు ఉంది. అంటే పది వరుసలకు 5 గ్రాములు.
3. మిగిలిన 57 గ్రాములతో సుమారు 114 వరుసలు వస్తాయి.
4. కాస్ట్ ఆఫ్ కోసం, అంటే చివర్లో కుట్లు మూసి ముగించడానికి, కొంత పక్కన పెట్టండి. ముగించే అంచు వెడల్పుకు నాలుగు రెట్ల పొడవు దారం ఉంచుకుంటే భయం లేదు.

ఇప్పుడు సమయం. పావుగంటలో నాలుగు వరుసలు అల్లగలిగితే గంటకు పదహారు. తీరంలో అందులో సగమే అవుతుంది, ఎనిమిది వేసుకోండి. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు రోజులు అల్లితే 48 వరుసలు. చేతిలో ఉన్న దారంలో సగం కూడా అయిపోదు. రెండో ఉండ ఇంట్లో పెట్టేయొచ్చు.

దారం చిలపగా, ఉండ చుట్టకుండా ఉంటే ఇంట్లోనే ఉండ చుట్టుకోండి. గాలి వీచే చోట చిలప విప్పితే అది మళ్లీ దారికి రాదు.

## 5. బయల్దేరే ముందు రోజు: కష్టమైన మలుపు దాటించండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. సాక్స్ అయితే కాస్ట్ ఆన్ (మొదటి కుట్లు వేయడం), రిబ్బింగ్ (సాగే గీతల అంచు) అయిపోయి కాలి భాగం మొదలై ఉండాలి. టోపీ అయితే రిబ్బింగ్ దాటాలి. కుట్లు తగ్గించడం ఇప్పటికే మొదలైన పనైతే, ఎక్కడెక్కడ తగ్గించాలో అక్కడ ముందే మార్కర్లు, అంటే గుర్తు కోసం తగిలించే చిన్న రింగులు, వేసి పెట్టండి. అక్కడికి చేరగానే చేతికి మార్కర్ తగిలి గుర్తుచేస్తుంది.

తర్వాత లైఫ్‌లైన్ వేయండి. కుట్టు సూదికి నున్నటి కాటన్ దారం గానీ డెంటల్ ఫ్లాస్ గానీ ఎక్కించి, అల్లిక సూది మీదున్న ప్రతి కుట్టులోంచీ దూర్చండి. మార్కర్లలోంచి మాత్రం దూర్చకండి, అవి అక్కడే ఇరుక్కుంటాయి. రెండు కొసలూ ఒక్కో జానెడు వదలండి. తీరంలో ఏం జరిగినా గుడ్డ ఈ దారం కిందికి విడిపోదు. ఎన్నో వరుసలో వేశారో చీటీ మీద రాసుకోండి.

చివరగా ప్యాటర్న్‌లో మీకు కావాల్సిన నాలుగు లైన్లు మాత్రం పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయండి. ఫోన్ మీద ఆధారపడొద్దు. ఎండకు తెర కనపడదు, వేడెక్కితే ఫోన్ ఆగిపోవచ్చు కూడా.

## 6. సంచిలో ఏముండాలి

లోపల జిప్ ఉన్న ప్లాస్టిక్ పౌచ్, పైన గుడ్డ సంచి. ఇసుకను ఆపేది జిప్ పౌచే. మూతికి తాడున్న సంచి ఒక్కటే అయితే పైనుంచి ఇసుక పడుతుంది.

- అల్లిక, సూది మొనలకు రబ్బరు బిరడాలు
- ఒక్క ఉండ దారం, దాని లేబుల్
- కొక్కెంలా మూసుకునే మార్కర్లు ఆరు
- చిన్న క్రోషే హుక్
- మొద్దు మొన కుట్టు సూది, రెండు మీటర్ల కాటన్ దారం
- మొనలు గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర
- టేపు, పెన్సిల్, అట్ట చీటీ
- తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, విడిగా ఇంకో పౌచ్‌లో

## 7. ప్రయాణంలో

కారులో ముందు సీట్లో కూర్చుని అల్లకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే చేతిలో ఉన్న సూది ప్రమాదం. వెనక సీట్లో కూర్చుని, చూడకుండా అల్లగలిగితేనే అల్లండి. తల వంచి చూస్తూ ఉంటే చాలామందికి కడుపులో తిప్పుతుంది.

విమానంలో అయితే నిబంధనలు దేశానికొకలా ఉంటాయి కాబట్టి ముందే చూసుకోండి. కత్తెర విషయమే తీసుకుంటే, చేతి సామానులో దాని అలుగు ఇరుసు దగ్గర్నుంచి 4 అంగుళాల లోపు ఉంటే అమెరికా అనుమతిస్తుంది, యూరోపియన్ యూనియన్‌లో 6 సెం.మీ. దాటకూడదు. సోదా దగ్గర సూది వదులుకోవాల్సి వచ్చినా లైఫ్‌లైన్ ఉంటే కుట్లు మీ దగ్గరే ఉంటాయి.

## 8. తీరంలో: ఈ క్రమం తప్పొద్దు

అన్నిటికన్నా ముందు ఒక మాట. నీళ్లలో ఉన్న పిల్లలను చూసుకునే వంతు మీదైతే సూదులు సంచిలోనే ఉండాలి. నీటిలో మునిగిపోయే మనిషి చాలాసార్లు కేక వేయలేడు, చేయి ఊపలేడు. అంతా కొద్ది క్షణాల్లో, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఒక వరుస ముగించి తలెత్తుదాం అనుకునేంత వ్యవధి అక్కడ ఉండదు. కాబట్టి పెద్దవాళ్లు వంతులు వేసుకోండి, ఎవరి వంతు ఎప్పుడో నోటితో స్పష్టంగా చెప్పుకోండి. మీ వంతు అయిపోయి ఇంకొకరు "నేను చూస్తున్నాను" అన్నాకే సంచి తెరవండి.

ఆ తర్వాత:

1. అల ఎంతవరకు వచ్చిందో తడి ఇసుక చెబుతుంది. దానికి బాగా పైన, నీడలో కుర్చీ వేసుకోండి. పోటు వచ్చే సమయమైతే ఇంకా పైకి జరగండి.
2. గాలికి వీపు పెట్టి కూర్చోండి. ఇసుక ఒళ్లో పడదు.
3. సంచిని నేల మీద కాకుండా కుర్చీకి తగిలించండి.
4. సన్‌స్క్రీన్ ముందే రాసుకుని అది ఒంటికి పట్టేదాకా ఆగండి. తర్వాత అరచేతులు, వేళ్లు తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి.
5. ఒళ్లో పలచటి గుడ్డ పరిచి, అప్పుడు అల్లిక తీయండి. దారం ఉండ పౌచ్‌లోనే ఉండాలి, జిప్ చివర చిన్న సందు వదిలితే చాలు.

నాలుగో మెట్టును తేలిగ్గా తీసుకోకండి. సన్‌స్క్రీన్ జిడ్డు దారానికి పడుతుంది. పైగా చాలా సన్‌స్క్రీన్లలో ఉండే అవోబెంజోన్ అనే పదార్థం, నీటిలో ఇనుము ఉంటే దాంతో కలిసి తుప్పు రంగు మరక చేస్తుంది. అల్లేటప్పుడు ఏమీ కనపడదు, ఉతికాక పైకి తేలుతుంది.

## 9. మధ్యలో లేవాల్సి వస్తే

తప్పకుండా లేవాల్సి వస్తుంది. వరుస చివర లేస్తే అన్నిటికన్నా మంచిది. "ఈ వరుస అయ్యాక వస్తాను" అనడం పిల్లలకు అలవాటు చేయొచ్చు, వరుస చిన్నదైతే వాళ్లు ఆగుతారు కూడా. శాలువాలాంటి పొడుగు వరుసల పనికన్నా సాక్ లాంటి చిన్న చుట్ల పని మేలని చెప్పేది అందుకే.

ఉన్నపళంగా లేవాల్సి వస్తే మూడు పనులు: కుట్లను మొనల నుంచి తీగ మీదికి జరపండి, బిరడాలు పెట్టండి, పౌచ్‌లో వేసి జిప్ మూయండి. కుర్చీలో సూది వదిలి వెళ్లకండి, ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

వరుస మధ్యలో లేచి, తిరిగొచ్చాక ఎటు అల్లాలో తెలియకపోతే ఉండ నుంచి వచ్చే దారం చూడండి. అది ఏ మొన దగ్గరి కుట్టు నుంచి వేలాడుతోందో ఆ మొన కుడి చేతిలో ఉండాలి. ఎడమ చేత్తో అల్లేవాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. ఈ ఒక్కటి గుర్తుంటే వరుస మధ్యలో పొరపాటున వెనక్కి తిరిగి, గుడ్డలో చిల్లి పడే తప్పు జరగదు.

## 10. పిల్లలు "నాకూ కావాలి" అంటే

సూదులు ఇవ్వకండి. మందంగా ఉన్న మిగులు దారం రెండు మూడు మీటర్లు ముందే సంచిలో వేసుకోండి. నాలుగు వేళ్ల చుట్టూ ముందుకీ వెనక్కీ దారం తిప్పి, కింది చుట్టును పై చుట్టు మీదుగా వేలి వెనక్కి దాటించడమే వేళ్ల అల్లిక. పొడవాటి తాడు వస్తుంది. దానితో వాళ్లు బకెట్‌కి పిడి కడతారో, నడుముకి చుట్టుకుంటారో వాళ్లిష్టం.

## 11. ఏదైనా జరిగితే

కుట్టు జారింది. వెంటనే దానికి మార్కర్ తగిలించండి, ఇంకేమీ చేయకండి. నీడలోకి వచ్చాక క్రోషే హుక్‌ను ఆ కుట్టులో పెట్టి, పైనున్న అడ్డు దారాలను ఒక్కొక్కటే కింది నుంచి పైకి లాగుతూ రండి. నున్నటి వైపు మీకు ఎదురుగా ఉండాలి. అన్ని వరుసలూ నిట్‌తో అల్లినదైతే ప్రతి అడ్డు దారానికీ గుడ్డ తిప్పాలి. అది గదికి వెళ్లాక చేయండి.

ఇసుక పడింది. తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి, రుద్దితే పోగుల్లోకి దిగి దారాన్ని కోస్తుంది. పూర్తిగా ఆరనివ్వండి. బిరడాలు పెట్టి, గుడ్డను తలకిందులుగా పట్టుకుని వెనక నుంచి వేళ్లతో తట్టండి. మిగిలింది మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో తీయండి.

అల తడిపింది. ఆ రోజే మంచినీళ్లలో ముంచాలి. ఉప్పు మిగిలిపోతే గుడ్డ బిరుసెక్కుతుంది, ఉప్పు తేమను లాగుతుంది కాబట్టి సరిగా ఆరదు కూడా. ముందు కుట్లను కాటన్ దారం మీదికి మార్చి సూది తీసేయండి. గోరువెచ్చగా కూడా కాదు, చల్లటి నీళ్లే వాడండి. రెండు మూడు సార్లు నీళ్లు మార్చండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. ఉండ తడిస్తే వదులుగా మళ్లీ చుట్టి ఆరబెట్టండి. ఎట్టి పరిస్థితిలోనూ తడిది ప్లాస్టిక్ పౌచ్‌లో పెట్టి మూయకండి, వాసన పట్టేస్తుంది.

సన్‌స్క్రీన్ మరక. గిన్నెలు కడిగే ద్రవం ఒక చుక్క వేసి పది నిమిషాలు ఉంచి, రుద్దకుండా కడగండి. క్లోరిన్ బ్లీచ్ వద్దు. అవోబెంజోన్ మరక దానికి ఇంకా ముదురుతుంది, ఉన్ని పోగు పాడవుతుంది.

కుట్ల లెక్క తప్పింది. లైఫ్‌లైన్ దాకా విప్పేయండి. అక్కడే కూర్చుని తప్పు వెతుకుతూ పూట పాడుచేసుకోవద్దు.

## 12. ఇంటికొచ్చాక

- సంచి, పౌచ్ బయటే దులిపి, లోపలి కుట్ల వెంట చేత్తో తడిమి చూడండి. ఇసుక అక్కడే దాగుతుంది.
- సూదులను కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. లోహపు సర్కులర్ సూదికి తీగ కలిసే చోటు మరిచిపోవద్దు.
- అల్లిక మీద టేపు పెట్టి, ఇంట్లో అల్లిన భాగంలోనూ తీరంలో అల్లిన భాగంలోనూ 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి.

కబుర్లు చెప్పుకుంటూ అల్లింది చాలామందికి వదులుగా వస్తుంది. తేడా అర కుట్టు లోపు ఉంటే ఉతికి పరిచాక చాలావరకు సర్దుకుంటుంది. ఒక కుట్టు దాటితే సాక్స్‌లోనో టోపీలోనో అది తెలుస్తుంది, ఆ భాగం విప్పి మళ్లీ అల్లడమే సరైన పని. అల్లడం ఇంట్లో అయితే వేగంగానే సాగుతుంది.

సూది మార్చి సర్దుదాం అనుకుంటే పావు మిల్లీమీటరు మాత్రమే మార్చి, పది వరుసలు అల్లి మళ్లీ కొలవండి. ఆ కొలత సరిపోయాకే లైఫ్‌లైన్ దారం లాగేయండి.